ఏది ముందు, ఏది తర్వాత? క్లిష్ట గాయాల మీద సర్జన్ల సుదీర్ఘ చర్చ

లారీ చక్రం ఎక్కిన కాలు ఆసుపత్రికి చేరేసరికి అందులో చెడింది ఏదో ఒక్కటే కాదు. మోకాలి కింది పెద్ద ఎముక ముక్కలై బయటికి కనిపిస్తుంటుంది. దాని మీది చర్మం ఊడి ఒక పక్కకు వేలాడుతుంటుంది. కండ నలిగి రంగు మారుతుంటుంది. రక్తనాళం తెగి ఉండొచ్చు. లోపలంతా మట్టి, గ్రీసు, ప్యాంటు పీలికలు. ఎముక నిలబెట్టేది ఒక డాక్టరు, రక్తం పారించేది ఇంకొకరు, పైన కప్పేది ప్లాస్టిక్ సర్జన్. ఈ ముగ్గురి పనుల్లో ఏది ముందు జరగాలి, ఏది ఎన్నాళ్ళు ఆగొచ్చు, ఏవి ఒకే రోజు ఒకే బల్ల మీద జరిగిపోవాలి? యాభై ఏళ్ళుగా ఈ రంగంలో నడుస్తున్న వాదనలు ఎటు తిరిగినా చివరికి ఈ ప్రశ్న దగ్గరికే వస్తున్నాయి.

కుట్లకూ కట్లకూ లొంగని గాయాన్ని వైద్యులు క్లిష్ట గాయం అంటారు. ఎముక, కీలు, స్నాయువు, లోపల బిగించిన ప్లేటు బయటపడినవి. చీము పట్టి వదలనివి. రక్తం చాలక మానని షుగరు పుళ్ళు. రేడియేషన్ వల్ల చర్మం దెబ్బతిని పగిలినవి. ఒళ్ళు సగం కాలినవి. మంచం పట్టినవారి నడుము కింద పడే పుళ్ళు, ఇవన్నీ ఆ కోవలోవే. మన దగ్గర వీటి లెక్క చిన్నది కాదు. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 4,43,366 మంది గాయపడ్డారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ చెప్పింది. మధుమేహం ఉన్నవారు 10 కోట్లు దాటారని 2023లో వెలువడిన ఐసీఎంఆర్ అధ్యయనం తేల్చింది. ప్లాస్టిక్ సర్జరీ అంటే ముక్కూ మూతీ దిద్దించుకోవడమే అనుకునేవారికి, ఆ విభాగం రోజూ తలమునకలయ్యేది ఇలాంటి గాయాలతోనని తెలిసే అవకాశం తక్కువ.

ఏ ఒక్క పద్ధతీ వీటికి చాలదన్న మాట మీద ఇప్పుడు పెద్ద పేచీ లేదు. కలపాలని ఒప్పుకున్నాకే అసలు చర్చ మొదలవుతుంది.

రెండు మూలాలు

ప్లాస్టిక్ సర్జరీలో మూల పద్ధతులు రెండు. ఒకటి గ్రాఫ్ట్: తొడ మీది నుంచి పలుచగా చర్మం తీసి గాయం మీద పరచడం. ఆ చర్మం తన రక్తాన్ని వదిలేసి వస్తుంది. తొలి ఒకటి రెండు రోజులు గాయం నుంచి ఊరే ద్రవంతోనే గడుపుతుంది, ఆ తర్వాత కింది నుంచి రక్తనాళాలు అందుకుంటేనే బతుకుతుంది. అందుకే పైపొర ఊడిపోయిన ఎముక మీద, తొడుగు పోయిన స్నాయువు మీద, లోహపు ప్లేటు మీద గ్రాఫ్ట్ నిలవదు. రెండోది ఫ్లాప్: చర్మాన్ని, కింది కొవ్వుని, అవసరమైతే కండని కూడా దాని రక్తనాళంతో సహా జరపడం. ఇది తన రక్తాన్ని తనతోనే తెచ్చుకుంటుంది కాబట్టి వట్టి ఎముక మీద కూడా బతుకుతుంది. ఈ ఒక్క తేడా పట్టుబడితే మిగతా చర్చంతా దారిలో పడుతుంది.

రెండింటిలో ఫ్లాప్ పాతది. చెంప చర్మంతో ముక్కు కట్టే విధానం సుశ్రుత సంహితలోనే ఉంది. 1792లో మైసూరు యుద్ధకాలంలో ఇంగ్లీషు సైన్యానికి ఎడ్లబండి తోలిన కౌవాస్‌జీ టిప్పు సైనికులకు చిక్కి ముక్కు పోగొట్టుకున్నాడు. పుణె ప్రాంతంలో ఇటుకలు చేసే కులానికి చెందిన వైద్యుడొకరు అతని నుదుటి చర్మాన్ని కోసి, కనుబొమల మధ్య దాని మొదలు తెగకుండా ఉంచి, కిందికి తిప్పి కొత్త ముక్కు నిలబెట్టాడు. లండన్ 'జెంటిల్‌మన్స్ మ్యాగజైన్' 1794 అక్టోబరులో ఆ సంగతి అచ్చువేసింది. అది చదివి నేర్చుకున్న జోసెఫ్ కార్ప్యూ 1814లో ఇంగ్లండులో అదే ఆపరేషన్ చేశాడు. ఇటలీలో తాలియాకోజ్జి 1597లోనే చేతి చర్మంతో ముక్కు కట్టే పద్ధతిని గ్రంథస్థం చేశాడు. గ్రాఫ్ట్ మాత్రం 1869లో పారిస్‌లో రెవెర్డాన్ చేసిన చిన్న చిన్న చర్మపు తునకలతోనే ఆధునిక వైద్యంలోకి వచ్చింది.

మొదటి ప్రపంచ యుద్ధంలో ముఖాలు చెదిరిన సైనికులకు హెరాల్డ్ గిలీస్ 1917లో గొట్టంలా చుట్టిన ఫ్లాపు వాడాడు. ఒక్కో అంచెకు వారాలు పట్టేది. పొట్ట చర్మం ముఖానికి చేరాలంటే మధ్యలో చేతి మీద మజిలీ చేయాల్సివచ్చేది. 1973లో ఆస్ట్రేలియాలో ఇయాన్ టేలర్, రోలిన్ డేనియల్ గజ్జ చర్మాన్ని రక్తనాళంతో సహా పూర్తిగా తెంచి, కాలి దగ్గరి నాళానికి మైక్రోస్కోపు కింద కుట్టి, ఆ వారాల ప్రయాణాన్ని ఒక్క ఆపరేషన్‌లోకి కుదించారు. ఒకటి రెండు మిల్లీమీటర్ల నాళాన్ని తల వెంట్రుక కన్నా సన్నని దారంతో అతికే ఈ పనినే ఫ్రీ ఫ్లాప్ అంటున్నారు. 1987లో టేలర్, పామర్ కలిసి శరీరంలో ఏ నాళం ఏ మేరకు రక్తం ఇస్తుందో పటం గీశారు. 1989లో జపాన్‌లో కోషిమా కండను వదిలేసి, దాని గుండా పైకి వచ్చే సన్నని నాళం మీదే చర్మాన్ని లేపవచ్చని చూపించాడు. ఒంట్లో ఎక్కడి నుంచి ఎక్కడికైనా తరలించగల శక్తి సర్జన్ చేతికి వచ్చింది ఆ రెండు దశాబ్దాల్లోనే. ఎంపికలు పెరిగాయి, వాటితోపాటే తికమకా పెరిగింది.

నిచ్చెన ఎక్కాలా, లిఫ్టులో పోవాలా

వైద్య విద్యార్థులకు తరతరాలుగా నేర్పింది నిచ్చెన సూత్రం. సులువైనదాంతో మొదలుపెట్టు: కుట్లతో మూసుకుంటే కుట్లు, కాకపోతే గ్రాఫ్ట్, అదీ కుదరకపోతే పక్కనున్న ఫ్లాప్, చివరగా ఫ్రీ ఫ్లాప్. దీనిలో వినయం ఉంది, రోగికి అనవసరపు కోతలు తప్పుతాయి. చిక్కేమిటంటే, ప్రతి మెట్టూ ఎక్కి జారేసరికి వారాలు గడిచిపోతాయి, ఆలోపు ఎముక చీము పడుతుంది.

1994లో గోట్లీబ్, క్రీగర్ ఇద్దరూ నిచ్చెన వద్దు, లిఫ్టు కావాలన్నారు. గాయానికి అయిదో అంతస్తు పని అవసరమైతే కింది నాలుగూ తొక్కనక్కర్లేదు, నేరుగా అక్కడికే వెళ్ళాలి. 2010లో జర్మనీకి చెందిన నోబ్లాక్, వోగ్ట్ ఇంకో అడుగు వేశారు. పద్ధతుల్ని ఒకదాని మీద ఒకటిగా పేర్చడమే తప్పు, గడియారంలో పళ్ళచక్రాల మాదిరిగా అవి ఒకదాన్నొకటి తిప్పుతూ పనిచేయాలన్నారు. మరుసటి ఏడాది అమెరికాలో జేనిస్ బృందం పాత నిచ్చెనకే గాయాన్ని పంపుతో పీల్చే పీడన చికిత్సను, కృత్రిమ చర్మపు పొరను కొత్త మెట్లుగా చేర్చింది.

ఈ మూడింటినీ పక్కపక్కన పెడితే ఒక లోటు స్పష్టంగా కనబడుతుంది. నిచ్చెన పొదుపు నేర్పుతుంది, లిఫ్టు ధైర్యం నేర్పుతుంది, గడియారం కలపమంటుంది. కానీ ఏ గంటకు ఏం చేయాలో మూడూ చెప్పవు. క్లిష్ట గాయంలో రోగి కాలు నిలిచేదీ పోయేదీ చాలాసార్లు ఆ గంటల దగ్గరే. ఆ లోటు పూడ్చే ప్రయత్నం సిద్ధాంతకర్తల నుంచి కాక, ప్రమాద బాధితుల్ని రోజూ చూసే ఆసుపత్రుల నుంచి వచ్చింది.

బయటపడ్డ ఎముక, 72 గంటల వాదన

స్లొవేనియా రాజధాని ల్యుబ్ల్యానాలో పనిచేసిన మార్కో గోదినా 532 మంది ఫ్రీ ఫ్లాప్ రోగుల వివరాలు 1986లో ప్రచురించాడు. ప్రమాదమైన 72 గంటల్లోపు కప్పినవారిలో ఫ్లాప్ చెడిపోయింది 0.75 శాతం మందికే, చీము పట్టింది 1.5 శాతానికే. 72 గంటలు దాటి మూడు నెలల్లోపు చేసినవారిలో అవి 12 శాతం, 17.5 శాతం. ఎముక అతకడానికి మొదటివారికి సగటున 6.8 నెలలు పడితే రెండోవారికి 12.3 నెలలు పట్టింది. కారు ప్రమాదంలో గోదినా అదే ఏడాది చనిపోయాడు. ఆ అంకెలు మాత్రం ఒక తరం సర్జన్ల ఆలోచనను మార్చేశాయి.

గోదినా మాటలో అందరూ గుర్తుపెట్టుకున్నది 72 గంటలు. అంతకంటే ముఖ్యమైనది ఆయన చేసిన శుభ్రపరిచే పని. చచ్చిన కండని కాస్త కాస్తగా కాకుండా ఒక్కసారే, ఉదారంగా తీసేయడం. ఆపరేషన్ థియేటర్‌లో ఇది చూడటానికి కఠినంగా ఉంటుంది. సర్జన్ ఒక్కో కండ పోగును ఫోర్సెప్స్‌తో గిల్లి చూస్తాడు. ఎర్రగా ఉందా, గట్టిగా ఉందా, గిల్లితే ముడుచుకుంటుందా, కోస్తే రక్తం చిమ్ముతుందా? నాలుగింటికీ జవాబు రాకపోతే అది పోవాల్సిందే. అతుకు లేని ఎముక ముక్కలు కూడా బయటికే. ఆ తర్వాత లీటర్ల కొద్దీ సెలైన్‌తో కడగడం. సబ్బు నీళ్ళు మేలా, వట్టి సెలైన్ మేలా అన్న చిన్న వాదానికి 2015లో 2,400 మందికి పైగా రోగులతో జరిగిన ఫ్లో పరీక్ష జవాబు చెప్పింది: సెలైన్ చాలు, ఒత్తిడితో కొట్టాల్సిన పని కూడా లేదు. ఇంతా చేశాక మిగిలే గొయ్యి చాలా పెద్దది. కప్పగలమన్న ధీమా ఉన్న సర్జనే అంత ధైర్యంగా శుభ్రం చేయగలడు. కప్పడం రాని చోట శుభ్రం చేయడమూ సగమే అవుతుంది. కలగలుపు వైద్యానికి ఉన్న బలమైన సమర్థన ఇదే.

2000లో ఇంగ్లండులోని లీడ్స్ నుంచి 84 తీవ్ర గాయాల మీద వచ్చిన నివేదిక ఎముక బిగించడం, ఫ్లాప్ వేయడం కలిపి తొందరగా చేస్తే మేలని చెప్పి 'ఫిక్స్ అండ్ ఫ్లాప్' అన్న మాటను స్థిరపరిచింది. ఎముకల విభాగాన్నీ ప్లాస్టిక్ సర్జరీనీ కలిపే ఈ ధోరణికి అమెరికన్ సర్జన్ స్కాట్ లెవిన్ 1993లోనే 'ఆర్థోప్లాస్టిక్' అని పేరు పెట్టాడు. బ్రిటన్ జాతీయ ప్రమాణాలు ఇప్పుడు ఇంకా కచ్చితంగా మాట్లాడుతున్నాయి: కప్పడం 72 గంటల్లో పూర్తవ్వాలి, వెంటనే కప్పే ఏర్పాటు లేనిదే లోపల రాడ్డు, ప్లేటు బిగించొద్దు.

ఈ మార్గంలో మన దేశం అనుసరించడం దగ్గర ఆగలేదు. కోయంబత్తూరు గంగా ఆసుపత్రిలో ఎముకల సర్జన్ ఎస్. రాజశేఖరన్, ప్లాస్టిక్ సర్జన్ ఎస్. రాజా సబాపతి బృందాలు గాయాన్ని మొదటి రోజే కలిసి చూస్తాయి. చర్మం, ఎముక, కండ–నరం మూడింటికీ విడివిడిగా మార్కులు వేసి, వయసు, షుగరు, షాక్ వంటివి కలిపి లెక్కగట్టే స్కోరును ఆ ఆసుపత్రి 2006లో ప్రచురించింది. 14, అంతకన్నా తక్కువ వస్తే కాలు కాపాడవచ్చు. 17, ఆ పైన వస్తే తీసేయడమే మంచిది. 15, 16 దగ్గర అనుభవం నిర్ణయిస్తుంది. ఎముక విరిగి చర్మం చీలినా, చర్మం నష్టపోకపోతే, గాయం శుభ్రమైందని నమ్మకం కుదిరితే అదే రోజు కుట్లు వేసి మూసేయవచ్చని కూడా ఈ బృందం చూపింది. తెరిచిన విరుపును మూయరాదన్న పాత నియమానికి ఇది ఎదురు.

అయితే 72 గంటలు అన్నది గీసిన గీతా? గోదినాది చీటీలు తీసి రోగుల్ని విభజించిన పరీక్ష కాదు. ఆలస్యంగా వచ్చినవారి గాయాలు మొదటి నుంచీ వేరుగా ఉండి ఉండొచ్చు. తర్వాతి కాలపు సమీక్షలు పది రోజుల దాకా ఫలితాలు అంతగా చెడిపోవడం లేదని అంటున్నాయి. ఈ సడలింపును జాగ్రత్తగా చదవాలి. పది రోజుల వెసులుబాటు మొదటి రోజే సరిగ్గా శుభ్రమైన గాయానికే వర్తిస్తుంది. జిల్లా ఆసుపత్రిలో పైపైన కడిగి, కట్టు కట్టి, వారం తర్వాత హైదరాబాదుకో విశాఖకో పంపిన కాలికి వర్తించదు.

కండా, చర్మమా

ఎముక మీద కండ కప్పాలా, చర్మంతో కూడిన ఫ్లాప్ చాలా అన్నది ఇంకో పాత పేచీ. కండలో రక్తం ఎక్కువ, చీమును అదుపు చేస్తుంది, గుంతల్లోకి ఒదుగుతుంది అన్నది 1980ల నుంచి ఒక వర్గం వాదన. ఎలుకల మీద జరిగిన ప్రయోగాల్లో కండ కింద ఎముక బలంగా అతికిందని 2009లో లండన్ బృందం చూపింది కూడా. రెండో వర్గం వాదన ఆచరణ నుంచి వచ్చింది. చర్మపు ఫ్లాపును ఆరు వారాల తర్వాత మళ్ళీ లేపి కింద ఎముక గ్రాఫ్ట్ పెట్టవచ్చు, దాని కింద స్నాయువులు సాఫీగా జారతాయి, తీసుకున్న చోట కండ బలం తగ్గదు. 2018లో అమెరికాలో 500 మందికి పైగా రోగుల్ని పోల్చిన అధ్యయనంలో రెండింటి ఫలితాల మధ్య చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

ఈ వాదాన్ని తేల్చింది ఒక రకంగా కలగలుపే. తొడ పక్క నుంచి ఒకే నాళం మీద ఒక ముక్క కండ, ఒక ముక్క చర్మం విడివిడిగా లేపవచ్చు. కండ గుంతలోకి, చర్మం పైకి. ఆ నాళం రెండో కొసను కాలి నాళపు తెగిన కింది కొసకు కూడా అతికితే అదే ఫ్లాప్ పాదానికి రక్తాన్నీ పారిస్తుంది. ఒక్క ఆపరేషన్‌లో మూడు పనులు. నేర్పు ఉన్న చేతుల్లో ఇది అద్భుతం. ఆ నేర్పు లేని చోట, ఆరేడు గంటల తర్వాత నాళం మూసుకుపోతే, రోగికి రెండు గాయాలు మిగులుతాయి.

అందుకే మైక్రోస్కోపు లేని చోట ఏం చేయాలన్నది తక్కువ ప్రశ్న కాదు. మడమ, చీలమండ గాయాలకు పిక్క వెనక చర్మాన్ని తలకిందుగా తిప్పే సూరల్ ఫ్లాప్ 1990ల నుంచి ఎన్నో ఆసుపత్రులను ఆదుకుంది. అయితే అమెరికాలో 2000లో వచ్చిన, తీవ్రంగా గాయపడ్డ కాళ్ళను అధ్యయనం చేసిన లీప్ బృందం విశ్లేషణ ఒక హెచ్చరిక చేసింది. ఎముక బాగా నుజ్జయిన కాళ్ళలో పక్క కండను తిప్పి కప్పినవారికి ఫ్రీ ఫ్లాప్ వారి కన్నా గాయపు ఇబ్బందులు ఎన్నోరెట్లు ఎక్కువ. కారణం తెలుస్తూనే ఉంది: ఎముకను నుజ్జు చేసిన దెబ్బే పక్క కండనూ నలిపింది.

పోయిన ఎముకను పూడ్చడంలో కూడా రెండు బడులు. రష్యాలోని కుర్గాన్‌లో ఇలిజరోవ్ 1950లలో మొదలుపెట్టిన రింగులు రోజుకు ఒక మిల్లీమీటరు చొప్పున ఎముకను సాగదీస్తాయి. గాయం మూతపడేదాకా కాలిని పొట్టి చేసి, తర్వాత పొడవు పెంచి, ఫ్లాప్ అవసరమే తప్పించిన సందర్భాలూ ఉన్నాయి. ఫ్రాన్స్‌లో మస్కలే ఖాళీలో సిమెంటు దిమ్మ పెట్టి, పైన ఫ్లాప్ కప్పి, ఆరు నుంచి ఎనిమిది వారాల్లో దాని చుట్టూ పుట్టే పొరలో ఎముక పొడి నింపాడు. మొదటిది ఓపికను, రెండోది మంచి కప్పును అడుగుతుంది.

పంపు మీద పెట్టుకున్న ఆశలు

1997లో నార్త్ కరోలినాలో అర్జెంటా, మోరిక్వాస్ గాయంలో స్పాంజి పెట్టి, పైన ప్లాస్టిక్ పొర అతికించి, 125 మిల్లీమీటర్ల పాదరసపు రుణపీడనంతో పీల్చే పద్ధతి ప్రచురించారు. వ్యాక్ అని మన ఆసుపత్రుల్లో అందరూ పిలిచేది దీన్నే. నీరు తీస్తుంది, వాపు తగ్గిస్తుంది, ఎర్రటి కొత్త కండ పుట్టిస్తుంది. రోజూ రెండుసార్లు కట్టు విప్పే బాధ తప్పుతుంది. గ్రాఫ్ట్ మీద పెడితే అది కదలకుండా పట్టి ఉంచుతుంది.

కానీ తెరిచిన విరుపుల్లో దీని విలువ ఎంత? బ్రిటన్‌లో 460 మందితో జరిగిన వోల్ఫ్ పరీక్ష 2018లో వచ్చింది. ఏడాది తర్వాత రోగి రోజువారీ పనుల్లో ఎంత ఇబ్బంది పడుతున్నాడన్న దాంట్లో మామూలు కట్టుకూ వ్యాక్‌కూ తేడా లేదు. లోతైన చీము వ్యాక్ వారిలో 7.1 శాతం, మామూలు కట్టు వారిలో 8.1 శాతం. 2020లో 1,548 మందితో వచ్చిన విస్ట్ పరీక్ష, కుట్లు వేసి మూసిన కోతల మీద వాడినా అంతేనంది. యంత్రం పనికిరాదని దీనర్థం కాదు. శుభ్రపరచడానికీ కప్పడానికీ మధ్య వంతెనగా దాని స్థానం గట్టిది. కప్పడాన్ని వాయిదా వేయడానికి అది సాకైనప్పుడే హాని. వ్యాక్ కింద ఎముక ఎర్రబడుతున్నట్టు కనిపిస్తుంటే వారాలు జారిపోతాయి. పైగా తెరిచి ఉన్న పెద్ద నాళం మీద, చచ్చిన కండ మీద దీన్ని పెట్టకూడదు. రక్తస్రావంతో మరణాలు నమోదయ్యాక అమెరికా ఎఫ్‌డీఏ 2009లో హెచ్చరిక ఇచ్చింది.

కాలిన ఒళ్ళు: పొరల మీద పొరలు

కలగలుపు వైద్యం నిస్సందేహంగా గెలిచిన రంగం ఇదే. 1970లో స్లొవేనియాలోని మారిబోర్‌లో జోరా యాంజెకోవిచ్ కాలిన చర్మాన్ని దానంతట అది ఊడేదాకా ఆగకుండా, మొదటి రోజుల్లోనే పొరలు పొరలుగా చెక్కి గ్రాఫ్ట్ వేయవచ్చని చూపింది. అంత చర్మం ఎక్కడిది? 1964లో టానర్ తెచ్చిన యంత్రం చర్మానికి వరుసగా గాట్లు పెట్టి వలలా సాగదీస్తుంది. మిగిలిన సందులను దానం చేసిన చర్మంతో కప్పడం తర్వాతి మెరుగు. 1981లో బోస్టన్‌లో సర్జన్ బర్క్, ఇంజనీరు యానస్ కలిసి ఎద్దు కొలాజెన్‌తో, సొరచేప మృదులాస్థి పదార్థంతో చర్మపు లోపొర తయారుచేశారు. పై పొరను 1975లోనే రైన్‌వాల్డ్, గ్రీన్ ప్రయోగశాలలో పెంచారు. దానం చేసిన లోపొర మీద పెంచిన పై పొరను పరచి రెంటినీ కలిపింది 1986లో కువోనో.

ఈ దారి ఎంత దూరం పోయిందో జర్మనీలోని బోఖుమ్‌లో కనిపించింది. పుట్టుకతో వచ్చిన జన్యులోపం వల్ల చర్మం ఊడిపోతూ, దాదాపు 80 శాతం పైపొర పోగొట్టుకున్న ఏడేళ్ళ పిల్లవాడికి 2015లో, అతని కణాలనే ఇటలీలో సరిదిద్ది పెంచిన చర్మాన్ని సర్జన్లు విడతలుగా అతికారు. 2017లో ఫలితం ప్రచురితమయ్యే నాటికి ఆ పిల్లవాడు బడికి వెళుతున్నాడు. జన్యుశాస్త్రం, కణాల పెంపకం, పాతకాలపు గ్రాఫ్ట్ నేర్పు మూడూ లేనిదే ఆ పని జరిగేది కాదు.

మన దగ్గర అడ్డంకి దీనికన్నా చాలా ముందే ఉంది: దానం చేసిన చర్మం దొరకదు. హైదరాబాద్ ఉస్మానియా ఆసుపత్రిలో 2021లో స్కిన్ బ్యాంకు మొదలైంది. నేత్రదానం గురించి తెలిసిన తెలుగువారిలో చర్మదానం గురించి విన్నవారు తక్కువ. చనిపోయిన ఆరు గంటల్లోపు తొడలు, వీపు నుంచి పలుచటి పొర మాత్రమే తీస్తారు, శరీరం రూపు చెడదు.

షుగరు పాదం: ముందు రక్తం

ఇక్కడ వరుస తప్పితే ఎంత గొప్ప ఫ్లాపూ నిలవదు. మూసుకుపోయిన నాళాలు ముందు తెరవాలి, తర్వాత కుళ్ళిన ఎముక తీయాలి, ఆ తర్వాతే కప్పాలి. నాళాన్ని ఎలా తెరవాలన్నదే ఇప్పుడు రెండు పెద్ద పరీక్షల మధ్య చిక్కింది. 2022లో 1,830 మందితో వచ్చిన బెస్ట్–సీఎల్ఐ, సొంత కాలి సిర బాగుంటే బైపాస్ మేలంది. 2023లో 345 మందితో వచ్చిన బేసిల్–2, బెలూను పద్ధతి మొదట చేసినవారే ఎక్కువగా కాలుతో, ప్రాణంతో మిగిలారంది. రోగులు వేరు, నాళాలు మూసుకున్న చోట్లు వేరు. అందుకే ఒక జవాబు అందరికీ పెట్టలేం.

రక్తం, కప్పడం కాక మూడో తోడు, పాదం మీద బరువు తప్పించడం, ఎప్పుడూ మరుగున పడుతుంది. స్పర్శ పోయిన పాదం మీద నడిస్తే మానిన పుండూ మళ్ళీ పగులుతుంది. వెల్లూరులో కుష్ఠురోగుల పాదాల మీద పనిచేసిన పాల్ బ్రాండ్, పుండుకు కారణం రోగం కన్నా నొప్పి తెలియకపోవడమూ, ఒత్తిడీ అని చూపించి, ఆ పాఠాన్ని అమెరికాలో షుగరు పాదాలకు తీసుకెళ్ళాడు. బరువు తప్పించే కట్టు, సరైన చెప్పు లేకుండా వేసిన ఫ్లాప్ సగం చికిత్సే.

నిలపాలా, తీయాలా

అన్నీ కలిపి చేశాక రోగికి మేలు జరిగిందా అని అడిగిన అధ్యయనం లీప్. 2002లో 569 మంది తీవ్రంగా గాయపడ్డ కాళ్ళ మీద వచ్చిన దాని ఫలితం చాలామందిని నిరుత్సాహపరిచింది. రెండేళ్ళ తర్వాత కాలు నిలుపుకున్నవారు, తీయించుకున్నవారు దాదాపు ఒకే స్థాయిలో ఉన్నారు. నిలుపుకున్నవారిలో మళ్ళీ ఆసుపత్రిలో చేరినవారు 47.6 శాతం, తీయించుకున్నవారిలో 33.9 శాతం. చదువు, ఆదాయం, అయినవాళ్ళ అండ ఫలితాన్ని బలంగా ప్రభావితం చేశాయి.

ఆ లెక్కను మన పొలాలకూ వీధులకూ ఉన్నదున్నట్టు తెచ్చుకోకూడదు. కింద కూర్చుని తినేవారికి, వరినాట్లు వేసేవారికి, బురదలో నడిచేవారికి సొంత కాలి విలువ వేరు. జైపూర్ పాదం 1968 నుంచి ఎందరినో నిలబెట్టింది నిజమే, కానీ మోకాలి పైన తీసిన కాలికీ కింద తీసిన కాలికీ మధ్య బతుకులో చాలా దూరం ఉంది. అదే సమయంలో ఏడాదిన్నర, తొమ్మిది ఆపరేషన్లు, అప్పుల తర్వాత తీసేసే కాలు అందరికన్నా ఎక్కువ నష్టపోయిన కాలు. ఈ నిర్ణయం మొదటి వారంలో, ఇద్దరు ముగ్గురు విభాగాల వారు రోగి ఎదుట కూర్చుని చేయాలి.

తేలని సంగతులు

పరీక్షలన్నీ ఒక్కో ముక్కను కొలిచాయి: కడిగే నీటిని, కట్టును, నాళాన్ని. మొత్తం కలయికను మరో కలయికతో పోల్చిన గట్టి పరీక్షలు దాదాపు లేవు. రెండు గాయాలు ఒకలా ఉండవు, సర్జన్ నేర్పు ఫలితాన్ని మార్చేస్తుంది, ఆలస్యంగా కప్పమని రోగిని చీటీ తీసి విడదీయడం న్యాయమూ కాదు. పెద్ద రిజిస్ట్రీలు కట్టి ఏళ్ళ తరబడి నమోదు చేయడమే దారి. నమోదు చేసేటప్పుడు ఫ్లాప్ బతికిందా అన్నదొక్కటే కాక, మనిషి పనికి వెళ్ళాడా, చెప్పు వేసుకోగలుగుతున్నాడా, అప్పు ఎంతయ్యింది అన్నవి కూడా రాయాలి. ఆరోగ్యశ్రీ లాంటి పథకాలు ఆపరేషన్ పేరు వారీగా డబ్బు కడతాయి. ఒకే గాయానికి మూడు విభాగాలు కలిసి చేసే నాలుగు అంచెల పనికి ఆ లెక్క సరిపోతుందా అన్నది ప్రభుత్వాలు చూడాల్సిన విషయం.

ఉన్న ఆధారాల మేరకు ఒక తీర్పు ఇవ్వవచ్చు. ఏ ఫ్లాప్, ఏ రాడ్డు, ఏ పంపు అన్న ఎంపికల కన్నా, మొదటి రోజే ఎముకల సర్జనూ ప్లాస్టిక్ సర్జనూ కలిసి గాయం చూడటం, చచ్చింది మొత్తం తీసేయడం, రోజుల్లో కప్పడం అన్న వరుసకే బలమైన మద్దతు ఉంది. కలపడమంటే ఎక్కువ చేయడం కాదు. ప్రతి పొరా గాయం అడిగిన దానికి జవాబుగా ఉండాలి.

పాఠకులు చేయగలిగిందీ ఉంది. గాయం మీద పసుపు, కాఫీపొడి, పసరు వేయకండి. శుభ్రమైన గుడ్డతో ఒత్తిపట్టి, తడిపిన గుడ్డ కప్పి బయలుదేరండి. తెగి ఊడిన చర్మాన్ని కోసి పారేయనివ్వకండి, దాన్నీ ఆసుపత్రికి తీసుకెళ్ళండి. ఎముక కనిపిస్తున్న గాయమైతే చేర్చిన మొదటి రోజే డాక్టర్ని అడగండి: ప్లాస్టిక్ సర్జన్ చూశారా, చూడకపోతే చూసే ఆసుపత్రికి ఈ రోజే పంపుతారా?